ముందు ఇక్కడి కాగితాలు కలవనివ్వండి

సంపాదకుడు గారికి,

విదేశీ ఉద్యోగాల పేరుతో జరుగుతున్న మోసాల గురించి మీ తిరుపతి ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివాను. ఏజెంట్లు ట్రాన్స్‌జెండర్లను కూడా వదలడం లేదని చివర్లో రెండు ముక్కలు రాశారు, మంచిదే, కానీ అందులోనే "అత్యాశకు పోయి" అని ఒక మాట పడింది. నా అభ్యంతరమంతా ఆ మాట దగ్గరే. బస్టాండుకి దగ్గర్లో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. పాస్‌పోర్టు స్లాట్లు, పాన్ కార్డులు, దర్శనం టికెట్లు, జెరాక్సులు, అన్నీ చేస్తాం. ట్రాన్స్ మహిళలు మా దగ్గరికి బాగానే వస్తారు, చాలా షాపుల్లో గుమ్మం దగ్గరే చేతిలో పదో ఇరవయ్యో పెట్టి పంపేస్తారు కాబట్టి. వాళ్లలో నాకు అత్యాశ కనపడలేదు. ఏ కాగితం మీది పేరూ ఇంకో కాగితంతో కలవకపోవడం మాత్రం రోజూ కనపడుతుంది, ఏజెంటు దూరేది ఆ సందులోంచే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. కుట్టుపని వచ్చు, మగ్గం వర్క్ ఇంకా బాగా చేస్తుంది. కువైట్‌లో బ్లౌజులు కుట్టే షాపులో పని ఇప్పిస్తానని ఎవడో చెప్పాడట, పాస్‌పోర్టు కోసం వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక్కో కాగితం తీసి కౌంటర్ మీద పరిచింది. టెన్త్ మెమోలో అబ్బాయి పేరు. ఆధార్‌లో కొత్త పేరు, ఫొటోలో మాత్రం ఇంకా సన్నటి మీసం. ఓటరు కార్డులో తండ్రి పేరుండాల్సిన చోట గురువు పేరు, అంటే ట్రాన్స్ వాళ్లలో తనను చేరదీసిన పెద్దావిడ పేరు. రేషన్ కార్డులో అసలు పేరే లేదు, ఇంట్లోవాళ్లు ఎప్పుడో తీయించేశారు. అడ్రసు ఒకదాంట్లో చిత్తూరు జిల్లా, ఇంకోదాంట్లో తిరుపతి జిల్లా, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, అది మా అందరికీ ఉన్న తలనొప్పే అనుకోండి. పాస్‌పోర్టు ఫారంలో మీకు వేరే పేర్లున్నాయా, ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా అని అడిగే గడులుంటాయి. అక్కడికొచ్చేసరికి ఆ అమ్మాయి గొంతు తగ్గించి "ఆ పేరు రాయకుంటే కుదరదా అన్నా?" అంది. కుదరదు. దాచితే రేపు అదే కేసవుతుంది.

చట్టం లేదా అంటే ఉంది. ట్రాన్స్‌జెండర్లను మూడో లింగంగా గుర్తించాలని 2014 ఏప్రిల్ 15న నాల్సా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, 2019లో వాళ్ల హక్కుల కోసం చట్టం చేశారు, 2020లో నిబంధనలు వచ్చాయి. ఆ నిబంధనల్లో, పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే కలెక్టరు 30 రోజుల్లో గుర్తింపు సర్టిఫికెట్ ఇవ్వాలని రాశారు. పాస్‌పోర్టులో ఎం, ఎఫ్‌లతో పాటు టి అని కూడా వేస్తారు. వినడానికి అన్నీ బాగున్నాయి. కానీ సర్టిఫికెట్ చేతికొచ్చాక దాన్ని పట్టుకుని ఆధార్‌కి ఒకచోటికి, పాన్‌కి ఒకచోటికి, బ్యాంకుకి ఒకచోటికి తిరగాలి, నోటరీ, గెజిట్ అంటారు, టెన్త్ మెమోలో పేరు మార్చడమైతే అన్నిటికన్నా కష్టం. తిరిగిన రోజు సంపాదన ఉండదు. ఇవన్నీ దాటి పాస్‌పోర్టు దాకా వస్తే పోలీస్ వెరిఫికేషన్. వచ్చినాయన వీధి మొదట్లోనే నిలబడి పాత పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగితే అంతే సంగతి, ఆ వారంలో ఇల్లు ఖాళీ చేయమన్న ఓనర్ నాకు తెలుసు. గంగమ్మ జాతర వారం రోజులూ మొక్కుకున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటే మనమే పక్కకు జరిగి దారి ఇస్తాం. జాతర అయిపోయిన మర్నాడు ఇల్లు అద్దెకడిగితే లేదంటాం.

సరిగ్గా ఇక్కడ ఏజెంటు వస్తాడు. ఇవేవీ అక్కర్లేదు, విజిట్ వీసా మీద ఎక్కిస్తా, అక్కడికెళ్లాక పని వీసాగా మార్పిస్తా అంటాడు. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరితే జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదని వాడు చెప్పడు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదని కూడా చెప్పడు. టెన్త్ పాస్ కానివాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అనే పాస్‌పోర్టు వస్తుంది, దాంతో గల్ఫ్‌కి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. వీళ్లలో ఎనిమిదో తొమ్మిదో తరగతిలోనే తోటి పిల్లల వేధింపులు పడలేక బడి మానేసినవాళ్లు ఎంతమందో. ఇక కువైట్ సంగతి. అవతలి లింగంవాళ్లను అనుకరించడం నేరమని 2007లో అక్కడ చట్టంలో చేర్చారు, 2022 ఫిబ్రవరిలో వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది. కొట్టేశారు కదా అని ధైర్యం చేయడానికి లేదు, గల్ఫ్‌లో ట్రాన్స్ మనిషిని లోపల వెయ్యడానికి వేరే సెక్షన్లు చాలానే ఉన్నాయి. మన రాయచోటి, కడప వైపు నుంచి వేలమంది వెళ్లొస్తున్నారు కాబట్టి నేనూ వెళ్లొస్తాను అనుకుంటే, ఈ అమ్మాయి లెక్క వేరు.

చదువుకున్నవాళ్లకు ఇంకో రకం వల. కెనడాలో, యూరప్‌లో శరణు ఇప్పిస్తాం, కథ మేమే రాసిస్తాం, మీరు బట్టీ పడితే చాలు అని లక్షలు అడుగుతున్నారు. అసలు అసైలం (శరణు) వీసా అనేదే లేదండీ. ముందు ఆ దేశంలో కాలు పెట్టాలి, ఆ తర్వాతే అడగాలి. 1951 శరణార్థుల ఒప్పందం కింద ట్రాన్స్‌జెండర్లకూ రక్షణ అడిగే హక్కుందని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 2012లో మార్గదర్శకాలిచ్చింది, నిజమే. కానీ అక్కడి అధికారి అడిగే ప్రశ్నలు గట్టిగా ఉంటాయి. మీ పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లలేదు, మీ దేశంలోనే ఇంకో ఊర్లో ఎందుకు బతకలేరు, రుజువేది? దెబ్బలు తిని స్టేషన్‌కి వెళ్తే ఫిర్యాదు తీసుకోకుండా నవ్వి పంపించిన మనిషి ఏ రుజువు చూపిస్తుంది? పైగా 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ సురక్షిత దేశాల జాబితా అని ఒకటి ప్రతిపాదించింది, అంటే అక్కడివాళ్లకు మామూలుగా శరణు అవసరం ఉండదని అనుకునే దేశాలు, అందులో మన దేశం పేరుంది. అమెరికాలో 2025 జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం ఆ ప్రభుత్వానికి ఆడ, మగ రెండే. బట్టీ కథలు దొరికిపోయిన ప్రతిసారీ నిజంగా ప్రాణభయంతో వెళ్లినవాళ్లను కూడా నమ్మడం మానేస్తారు. ఇంకోటి, శరణు దొరికినా ఇంటికి రావడం కుదరదు, ప్రమాదం ఉందన్న దేశానికే తిరిగొస్తే ఆ రక్షణ పోయే పరిస్థితి. అమ్మకు బాగాలేదని ఫోనొస్తే అక్కడే కూర్చుని ఏడవాలి. అది తెలిసి కూడా వెళ్తానన్నవాళ్లను ఆపమని నేను అనను.

మన రాష్ట్రంలో నెలకి 4,000 పెన్షన్ ఇస్తున్నారు, ఇంకా ఎందుకు పోవడం అని అడిగేవాళ్లున్నారు. తిరుపతిలో సింగిల్ రూం అద్దె ఎంతో ఒకసారి కనుక్కోండి, అదీ వీళ్లకైతే మామూలు కన్నా ఎక్కువ చెబుతారు. పెన్షన్ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే చాలదు, మన చిత్తూరు దాటితే వచ్చే తమిళనాడులో వీళ్ల కోసం 2008లోనే సంక్షేమ బోర్డు పెట్టారు.

నేను అడిగేది పెద్ద పని కాదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకుంటారు కదా, నెలకొక సోమవారం అక్కడే ఒక బల్ల వేసి ఆధార్, పాన్, బ్యాంకు, విద్యాశాఖ వాళ్లను, ఒక లాయరును కూర్చోబెట్టండి, రెండు జిల్లాల్లోనూ. ఒకే పూటలో పేరు అన్నిట్లో మారాలి. వెరిఫికేషన్‌కి వెళ్లేవాళ్లు ముందు ఫోన్ చేసి, మఫ్టీలో వెళ్లమని ఎస్పీలు చెబితే చాలు, దానికి జీవో కూడా అక్కర్లేదు. మీ పత్రిక తరఫున కూడా ఒక సాయం చేయండి. ఏ ఏజెంటుకి లైసెన్సుందో కేంద్ర ప్రభుత్వం నడిపే ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు, అది ఎలా చూడాలో జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు వెయ్యండి, వేసిన రోజు పేపరు నేను మా కౌంటర్ మీద అంటిస్తాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇబ్బంది కాకూడదు, నా పేరు వెయ్యవద్దని మనవి.

— నెట్ సెంటర్ నడిపే ఒక పాఠకుడు, తిరుపతి