ఢిల్లీ వెళ్లిపోయిన పసుపు జట్టు

అంబాజీపేట

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. "మన హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు మా ఊరొచ్చేసింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంట, మ్యాచ్‌కి వెళ్లమంటావా?" అని రెండు ముక్కల్లో అడిగేశావు. మూడు రోజులు నాకు జవాబు రాయబుద్ధి కాలేదు. ఇది ఫోన్లో తేలే మాట కాదు. కొబ్బరి దింపు పని ఇవాళ మధ్యాహ్నంతో అయిపోయింది, అరుగు మీద కూర్చుని కాగితం తీశాను.

2019 నవంబరు 2 గుర్తుందా? అమలాపురంలో రాత్రి బస్సెక్కి, పొద్దున్నే దిగి, మీ పిన్నిగారింట్లో స్నానాలు చేసి గచ్చిబౌలి వెళ్లాం. స్టేడియానికి బాలయోగి గారి పేరు చూసి నువ్వు అక్కడే నిలబడిపోయావు. "యెదుర్లంక వంతెనకీ ఈయన పేరే, ఇక్కడా ఈయన పేరే, ఇది మన గ్రౌండేరా" అన్నావు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. అంతకుముందు వారమే కోల్‌కతాలో 5-0తో ఓడొచ్చిన జట్టు మనది. ఆ రోజు కూడా ముందు కేరళ బ్లాస్టర్స్ వాళ్లే కొట్టారు, రాహుల్ కేపీ. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీ, చివర్లో మార్సెలీన్యో ఫ్రీ కిక్. బంతి వలలో పడగానే నువ్వు ముందు వరసలో కూర్చున్న ముసలాయన్ని వాటేసుకున్నావు. ఆయనెవరో మనకి తెలీదు. క్లబ్బుకి అది మొదటి గెలుపు, మనం చూశాం.

ఆ ఏడాది సంగతి వదిలెయ్. ఇండియన్ సూపర్ లీగ్‌లో 18 మ్యాచులు, రెండే గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపేశారు.

అసలు కథ మనోలో మార్కెజ్ వచ్చాక మొదలైంది. 2020లో ఆ స్పెయిన్ ఆయన వచ్చినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కరోనా వల్ల ఆటంతా గోవాలోనే, ఖాళీ స్టాండ్ల ముందు. ఆయన చేసింది ఒక్కటే బావా, కుర్రాళ్లని నమ్మాడు. ఆకాష్ మిశ్రాకి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఎడమ పక్క ఎవరినైనా పేరున్నవాణ్ని పెట్టుకోవచ్చు, పెట్టలేదు. కుడి పక్క ఆశిష్ రాయ్, వాడూ చిన్నోడే. తప్పు చేసినా మర్నాడు మళ్లీ వాళ్లే మైదానంలో ఉండేవారు. ఆకాష్ పరుగు నీకు తెలుసు కదా. గీత పక్కనుంచి తల వంచుకుని దూసుకుపోయి, అవతలివాడు ఇక కార్నర్‌కే అనుకునేసరికి బంతిని వెనక్కి లాగి ఇచ్చేవాడు. లిస్టన్ కొలాసో కూడా అక్కడే ఎదిగాడు. ఆ ఏడాది 20 మ్యాచుల్లో మూడే ఓటములు, కానీ 11 డ్రాలు. ఐదో స్థానంలో ఆగిపోయాం. బాధ పడ్డాం గానీ, ఈ జట్టు పైకొస్తుందని ఆ రోజే నీతో అన్నాను.

తర్వాతి ఏడాది ఒగ్‌బెచే వచ్చాడు. 37 ఏళ్ల మనిషి, 2002 ప్రపంచ కప్‌లో నైజీరియాకి ఆడినవాడు. మ్యాచ్ అంతా పరిగెత్తే రకం కాదు. పెనాల్టీ పెట్టెలో బంతి ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి అక్కడుండేవాడు. 18 గోల్స్ కొట్టాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. మధ్యలో జొవావ్ విక్టర్, వెనక చింగ్లెన్‌సనా, గోల్‌లో కట్టిమణి. ఎక్కడా అతుకు కనబడని జట్టు అది.

2022 మార్చి 20, ఆదివారం, లీగ్ ఫైనల్, మళ్లీ కేరళతోనే. నువ్వు అప్పటికి ఢిల్లీలో ఉన్నావు, నేను మా కొబ్బరి కొట్లో. కురిడీల బస్తాలు పక్కకి జరిపి, గోడకి టీవీ ఆనించి, పదిహేను మందిమి కూర్చున్నాం. సగం మందికి ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలీదు. గోవాలో ఫటోర్డా స్టేడియం నిండా పసుపు చొక్కాలు, అన్నీ కేరళ వాళ్లవే. కానీ మైదానంలో పసుపు రంగు మనది. పట్టికలో రెండో స్థానంతో వాళ్లకంటే పైనున్నది మనమే కాబట్టి వాళ్లు నల్ల చొక్కాల్లో దిగాల్సొచ్చింది. మళ్లీ ఆ రాహుల్ కేపీయే ముందు కొట్టాడు! 2019లో మనం గచ్చిబౌలిలో చూసిన కుర్రాడే. నా గుండె జారిపోయింది. 88వ నిమిషంలో పెట్టె బయట గాల్లో ఉన్న బంతిని సాహిల్ తవోరా కాలితో అందుకున్నాడు. అది కింద పడనే లేదు, నేరుగా వల. మా నాన్న లేచి నిలబడ్డారు. ఆయన జీవితంలో చూసిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ అది. పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. నార్జరీ కొట్టిన చివరిది లోపలికెళ్లాక కొట్లో ఎవరు ఏం అరిచారో నాకు గుర్తులేదు. నీకు ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తున్నావు.

ఇప్పుడు యాజమాన్యం మాట. నిన్ను బాధపెట్టినా సరే, నా అభిప్రాయం ఉన్నదున్నట్టు చెప్తాను. మంచి కోచ్‌ని తేవడం, ఫలితాల కోసం తొందరపెట్టకుండా మూడేళ్లు ఉంచడం, ఇవి వాళ్లు చేసిన మంచి పనులు. ఆ మంచి పేరు వాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ పెంచుకున్నవాళ్లని నిలుపుకోలేదు. లిస్టన్ 2021లోనే మోహన్ బగాన్ వెళ్లాడు, కప్పు గెలిచిన వేసవిలో ఆశిష్ కూడా అటే. 2022-23లో 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, సెమీస్‌లో ఆ మోహన్ బగాన్ చేతిలోనే పెనాల్టీల్లో ఓటమి. ఆశిష్ అవతలి చొక్కాలో ఉన్నాడు. ఆ వేసవి ఆకాష్ ముంబై వెళ్లాడు, మార్కెజ్ గోవా వెళ్లాడు, ఒగ్‌బెచే వెళ్లాడు. మనం నారు పోస్తే ఊడుపు పక్కవాడి చేలో అయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆటగాళ్లకి ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదు, ఫిఫా వాళ్లు కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టారు, 2024 జనవరికి జట్టు సగం ఖాళీ అయింది. ఆ సీజన్ మిగిలిన కుర్రాళ్లతో కోచ్ తంగ్‌బోయ్ సింగ్‌టో లాక్కొచ్చాడు. 22 మ్యాచుల్లో ఒకటే గెలుపు, 8 పాయింట్లు. నేను ప్రతి మ్యాచూ చూశాను బావా. ఓడిపోతామని తెలిసి కూడా ఆ పిల్లలు 90వ నిమిషంలో వెనక్కి పరిగెత్తేవాళ్లు. జీతం సరిగా రాని చోట ఒళ్లు దాచుకోకుండా ఆడినవాళ్లని తక్కువ చేసి మాట్లాడితే నేను ఊరుకోను. తర్వాత జిందాల్ వాళ్లు కొన్నారు, కోచ్‌గా షమీల్ చెంబకత్ పగ్గాలు తీసుకున్నాడు, పదమూడు జట్లలో పన్నెండో స్థానం. 2025లో ఊరూ పేరూ రెండూ మారిపోయాయి.

నన్ను నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. ఆ 2022 ఫైనల్లో మొదలెట్టిన పదకొండు మందిలో ఒక్క తెలుగు కుర్రాడు లేడు. హైదరాబాద్ అంటే ఏ హైదరాబాద్ రా? సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద ఫుట్‌బాల్ టోర్నీ గెలిచిన ఊరు. భారత జట్టు కోచ్ రహీం సాబ్ ఊరు. ఆయన జట్టు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఆ జట్లలో ఆడిన బలరాం, తంగరాజ్ అక్కడి వాళ్లే. 1965-66లో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది ఆంధ్రప్రదేశ్. అలాంటి చోట క్లబ్బు పెట్టి, ఏలూరులోనో, కాకినాడలోనో, అమలాపురంలోనో ఒక పిల్లాణ్ని వెతికి తెచ్చి మొదటి పదకొండులో నిలబెట్టి ఉంటే, ఆ పిల్లాడి ఊరు ఊరంతా ఆ జట్టు వెనకాల ఉండేది. డబ్బు ఉన్నన్నాళ్లూ ఇది ఎవరికీ కనబడలేదు. డబ్బు ఆగిన రోజున అడ్డం పడేవాళ్లు లేరు. సామాన్లు సర్దుకుని పోతుంటే వీధిలోకొచ్చి "ఎక్కడికండీ" అని అడిగే మనిషి లేకపోయాడు.

కోచ్‌ల తప్పు కాదంటాను, ఆటగాళ్ల తప్పు అసలే కాదు. హైదరాబాద్‌లోనే ఇంకో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ ఉంది కదా, కింది మెట్టు ఐ-లీగ్‌లో 2022-23లోనూ, ఆ పైయేడూ రెండో స్థానం తెచ్చుకుంది. వాళ్లయినా ఈ పని చెయ్యాలని నా ఆశ. ఈసారి వాళ్ల మ్యాచ్‌కి వెళ్దామనుకుంటున్నా, నువ్వొస్తే ఇద్దరం వెళ్దాం.

నీ ప్రశ్నకి జవాబు: వెళ్లు. జట్టు కోసం కాదు, ఆ పేరుతో నాకు చుట్టరికం లేదు. గచ్చిబౌలిలో మన పసుపు చొక్కా వేసుకుని ఆడిన కుర్రాడు ఇంకా ఎవడైనా ఉంటే వాడి కోసం వెళ్లు. టచ్‌లైన్ దగ్గర కూర్చో. వాడి దగ్గరకి బంతి వచ్చినప్పుడు గట్టిగా తెలుగులో కేకెయ్యి. వాడికి అర్థం కాకపోయినా ఆ గొంతు తెలుస్తుంది.

ఇంకో సంగతి. మొన్న దాళవా కోతలయ్యాక మా వీధి చివర చేలో పిల్లలకి ఆట మొదలెట్టాను. పద్నాలుగు మంది, అందరూ పన్నెండేళ్ల లోపు వాళ్లే. మోడు గుచ్చుకుంటుందని పాత టైరు చెప్పులేసుకుని వస్తారు, ఆట మొదలయ్యాక విప్పేస్తారు. ఒకడున్నాడు, కౌలు రైతు కొడుకు, ఎడమ కాలు. బంతిని కాలికి అంటించుకుని చేను గట్టు వెంబడి పోతాడు, గట్టు దిగడు. వాణ్ని చూస్తే నాకు ఆకాష్ గుర్తొస్తాడు. ఉన్న ఒక్క బంతీ గాలి నిలవట్లేదు. నువ్వొచ్చేటప్పుడు మీరట్ సరుకు సైజు 4 బంతులు రెండు పట్రా, డబ్బులు ఇక్కడిస్తాను. మెత్తటి గాలి మూతిది తీసుకో, పంపు సూదులు కూడా మర్చిపోకు.

అమ్మ నీకోసం పూతరేకులు చుట్టించి పెడతానంది. ఏ రోజు బయల్దేరేదీ ముందే చెప్పు, రావులపాలెంలో బండి తెస్తాను.

నీ బావ