కోట హద్దులో అనుమతి లేకుండా వేసిన గోడను మీ ఖర్చుతో తొలగించి, డబ్బు తిరిగి ఇవ్వాలని ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

ఖిలా వరంగల్‌లో మా ఇంటి పెరటి చుట్టూ మీ సంస్థ వేసిన ప్రీకాస్ట్ కాంపౌండ్ వాల్ (ముందే పోసి తెచ్చిన కాంక్రీటు పలకల గోడ) గురించి ఈ ఫిర్యాదు. ఫోన్ చేస్తే ప్రతిసారీ కొత్త మనిషి ఎత్తుతున్నారు, కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మెయిల్‌లో ఒక కాపీ, రిజిస్టర్డ్ పోస్టులో ఒక కాపీ పంపుతున్నాను.

మా ఇల్లు వరంగల్ కోట ప్రాకారాలైన రాతికోటకూ, దాని బయటి మట్టికోటకూ మధ్యలో ఉంటుంది. పెరటి వెనక హద్దు మట్టికోట కట్ట వైపు. అమ్మ వేసుకున్న వంగ, బెండ మళ్లలోకి మేకలు, పందులు చొరబడుతున్నాయని కంచె బాగు చేయించాలనుకున్నాం. (కోతులకు ఏ కంచె అయినా ఒకటే, అది వేరే సంగతి.) నాన్న హయాంలో పాతిన రాతి కడీలు (కంచె స్తంభాలు) అప్పటికే ఉన్నాయి. కొన్ని ఒరిగిపోయాయి, ముళ్లతీగ తుప్పు పట్టింది. కడీలను నిలబెట్టి కొత్త తీగ బిగిస్తే చాలని మీ సేల్స్ అబ్బాయికి స్పష్టంగా చెప్పాను. ఇంకొంచెం డబ్బు వేస్తే ఆరడుగుల గోడే వస్తుందని, రెండు రోజుల్లో పని అయిపోతుందని ఒప్పించింది అతనే.

ఒప్పుకునే ముందు నేను అడిగిన మొదటి ప్రశ్న పర్మిషన్ గురించే. కోటలో పుట్టి పెరిగినవాళ్లం, గోడకు మేకు కొట్టాలన్నా పురావస్తు శాఖ గుర్తుకొస్తుంది మాకు. "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అన్నాడు. నోటిమాట కూడా కాదు, మీ కొటేషన్‌లోనే ఉంది. 200 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు, మొత్తం 1,200 చదరపు అడుగులు, అడుగుకు 95 చొప్పున 1,14,000. దాని కింద ఇంకో వరస: అనుమతులు, లైజనింగ్ (అంటే ఆఫీసుల్లో పని చేయించుకురావడం), 15,000. మొత్తం 1,29,000 రూపాయల్లో ఇప్పటికి 1,10,000 కట్టాను. మిగతా 19,000 కోసం మీ అకౌంట్స్ వాళ్లు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నారు.

తర్వాత కొలతలకు వచ్చిన మీ సైట్ ఇంజినీర్ ఫోన్‌లో మ్యాప్ తెరిచి, కాకతీయ తోరణం మీద వేలు పెట్టి మా ఇంటి దాకా గీత గీశాడు. "చాలా దూరం సార్, మనకు రూల్ వర్తించదు" అని తేల్చేశాడు. దూరం కొలిచే పద్ధతి అది కాదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించాక, రక్షిత ప్రాంతం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కణ్నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇక్కడ రక్షణలో ఉన్నవి నాలుగు తోరణాలు మాత్రమే కాదు, కోట గోడలు, ద్వారాలు కూడా. మా పెరడు మట్టికోట కట్టకు వంద మీటర్ల లోపే ఉంది. నిషిద్ధ ప్రాంతంలో ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొత్తగా ఏదీ లేపడానికి వీల్లేదు. ఈ ఊళ్లో గోడల వ్యాపారం చేసే సంస్థకు ఇది తెలియదంటే నమ్మాలా? మీ బ్రోచర్ అట్ట మీద ఉన్నదే ఆ తోరణం బొమ్మ.

పని రెండో శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం చీకటి పడేలోపు ముగించారు. ఆఫీసులు మూసి ఉండే రోజులే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. కాలమ్స్ కోసం మిషన్‌తో గుంతలు తీస్తుంటే వెనక మూల గుంతలో ఒక రాయి అడ్డం వచ్చింది. చెక్కిన రాయి, ఒక అంచున పూసల వరసలా నగిషీ కనిపిస్తూనే ఉంది. నేను వద్దంటున్నా మీ మేస్త్రీ దాన్ని గడ్డపారతో పెకలించాడు. పక్కన పెట్టి ఉంటే కొంత నయం. కాలమ్ నిటారుగా నిలవడం లేదని దాన్నే గుంతలో ఆసరాగా దూర్చి, పైన కాంక్రీటు పోశాడు. నగిషీ ఉన్న అంచు సగం బయటికి, సగం సిమెంటులో ఉంది. ఫొటోలు తీసి ఉంచాను. తనిఖీకి వచ్చిన శాఖవాళ్లకు ఆ కాలమ్ దగ్గరకు తీసుకెళ్లి చూపించాను కూడా.

నోటీసు వచ్చింది మీ పేరు మీద కాదు, నా పేరు మీద. నిషిద్ధ ప్రాంతంలో కట్టడం నేరం. రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇంట్లో అమ్మ టెన్షన్‌తో నిద్ర పోవడం లేదు. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే మొదట "ప్రీకాస్ట్ కట్టడం కిందికి రాదు సార్, పీకేస్తే వచ్చేస్తుంది" అన్నారు. రెండడుగుల లోతున కాంక్రీటులో దిగిన కాలమ్ పీకితే ఎలా వస్తుందో మీరే చెప్పాలి. తర్వాత మాట మార్చి, పర్మిషన్ అంటే కార్పొరేషన్ పర్మిషన్ అన్నారు. సరే, దాని రసీదైనా చూపించమంటే అదీ లేదు. చివరికి వచ్చిన జవాబు, అనుమతుల బాధ్యత కస్టమర్‌దేనని. మరి ఆ 15,000 దేనికి తీసుకున్నట్టు?

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది కడీలు. పని రోజు మీవాళ్లు పాత కడీలన్నీ పెకలించి, తీగతో సహా మీ ట్రాలీలో వేసుకుపోయారు. శుభ్రం చేస్తున్నారనుకున్నాం. ఇప్పుడు గోడ తీసేస్తే పెరడు నాలుగు దిక్కులా బార్లా తెరిచి ఉంటుంది. పాత కంచె మరమ్మతు కోసం దరఖాస్తు పెడదామంటే, మరమ్మతు చేయడానికి అక్కడ కంచే లేదు. ఉన్న హక్కు కాస్తా మీ ట్రాలీ ఎక్కి వెళ్లిపోయింది.

గోడ మొత్తాన్ని మీ ఖర్చుతో తొలగించాలి. ముందుగా పురావస్తు శాఖకు రాతపూర్వకంగా తెలిపి, వాళ్ల మనిషి ఎదురుగా ఉండగానే ఆ పని జరగాలి, మిషన్లు వాడకూడదు. ఆ వెనక మూల కాలమ్‌ను మాత్రం శాఖవాళ్లు చెప్పేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. కడీలు ఎక్కడ దించారో అక్కణ్నుంచి తెచ్చి మా పెరట్లో దించాలి. అమ్మేసి ఉంటే ఎవరికి అమ్మారో రాసి ఇవ్వండి, నేనే వెళ్లి మాట్లాడుకుంటాను. నేను కట్టిన 1,10,000 తిరిగి ఇవ్వాలి, బాకీ అంటూ వస్తున్న మెసేజ్‌లు ఆపాలి. అనుమతుల బాధ్యత మీరు తీసుకున్నారని, అందుకు డబ్బు వసూలు చేశారని శాఖకు లేఖ ఇచ్చి, ఒక కాపీ నాకు పంపాలి. డబ్బు కాస్త ఆలస్యమైనా ఆగుతాను గానీ, నోటీసుకు జవాబు ఇవ్వాల్సిన గడువు దగ్గర పడుతోంది కాబట్టి ఈ లేఖ ముందు కావాలి.

ఇది అందిన 15 రోజుల్లో పని మొదలు కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా, నేను ఉండే చోటే వేసుకునే వీలు ఆ చట్టంలో ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. కొటేషన్, చెల్లింపుల రసీదులు, నోటీసు నకలు, రాయి ఫొటోలు దీనితో జతచేశాను.

ఇకపై ఫోన్ చేయకండి, రాతలోనే జవాబివ్వండి. కొలతకు వచ్చే మనిషిని పంపేటట్లయితే, ఈసారి మట్టికోట కట్ట నుంచి టేపు పట్టమని చెప్పి పంపండి.

ఇట్లు,
ఇంటి యజమాని,
ఖిలా వరంగల్