కిరాయిదారులున్న ఇల్లు కొనే ముందు

నల్లగొండ.

చిరంజీవి చిన్నమ్మాయికి నాన్న ఆశీస్సులు.

బిడ్డా, పాలమూరు న్యూటౌన్‌లో మీరు చూసిన ఇంట్లో కింద మడిగెల్లోనూ, పై పోర్షన్లలోనూ ఉన్నవాళ్ల కాగితాలు అడిగితే, అక్కడి మేనేజరు రేపు మాపు అంటూ దాటవేస్తున్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. బయానా ఇంకా ఇవ్వలేదు కాబట్టి తొందరపడవద్దు.

ఆ మేనేజరుతో వాదానికి దిగకు. అతను ఓనరు పెట్టుకున్న మనిషి కనుక నీకు జవాబు చెప్పకపోవచ్చు గానీ, ఓనరు అడిగితే లెక్క అప్పజెప్పక తప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షను చెప్పేది అదే. ఎవరు ఎప్పటి నుంచి ఉన్నారు, కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, బకాయి ఎంత అన్నవి రాసి ఓనరుకే పంపించు. ఆయన కూడా చెప్పకపోతే ఆ బేరం మనకు వద్దు.

కాగితాలు వచ్చినా వాటితో సరిపెట్టుకోవద్దు. ఓనరుకు ముందుగా చెప్పి, అల్లుడిని తోడు తీసుకుని వెళ్లి, ప్రతి కిరాయిదారుతోనూ నువ్వే మాట్లాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. 11 నెలల అగ్రిమెంటు మీదనో నోటిమాట మీదనో ఉంటున్నవాళ్ల జాడ అందులో దొరకదు. ఆస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లకున్న హక్కు కొనేవాళ్లకు తెలిసినట్టే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం లెక్కగడుతుంది కాబట్టి, మేనేజరు నాకు చెప్పలేదన్న మాట రేపు నిన్ను కాపాడదు. వాళ్లు చెప్పిన కిరాయి, అడ్వాన్సు కాగితం మీద రాయించి సంతకాలు తీసుకో. నాకు అన్నిటికన్నా అడ్వాన్సుల మీదే అనుమానంగా ఉంది. ఖాళీ చేసే రోజున వాళ్లు ఆ సొమ్ము నిన్నే అడుగుతారు. అందుకే మొత్తం అడ్వాన్సును ఇంటి ధరలో తగ్గించుకుని, ఆ సంగతి ఇంటి కొనుగోలు అగ్రిమెంటులో రాయించుకోవాలి.

కరెంటు, నల్లా బిల్లులు, ఆస్తి పన్ను రసీదులు కూడా అడుగు.

ఇంకొక్క మాట. ఇల్లు చేతులు మారిందని తెలియక కిరాయిదారు పాత ఓనరుకే కిరాయి కడితే, అది మళ్లీ నీకు కట్టనక్కరలేదని అదే ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను చెబుతున్నది. ఒప్పందంలో లేకపోతే పాత బకాయిలు కూడా నీకు రావు. అందువల్ల రిజిస్ట్రేషన్ రోజునే, ఇకపై కిరాయి నీకే కట్టాలనీ, మేనేజరు చేతికి ఇవ్వవద్దనీ ఓనరూ నువ్వూ సంతకాలు చేసిన ఉత్తరం ఒక్కొక్కరికీ అందజేసి, ముట్టినట్టు రాయించుకో.

అగ్రిమెంటు ముసాయిదా రాగానే నాకు పంపించు. ఇక్కడి వకీలుకు చూపించి, ఆయన మాట నీకు చెప్పేదాకా సంతకం పెట్టవద్దు.

మీ నాన్న