గొంతు ఎట్లా ఉంది?

పెరంబూరు, చెన్నై,
ఆదివారం

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మేడ మీద ట్యాంకు కడిగించాం. మీ నాన్నకి మోకాలి నొప్పి తగ్గింది గాని, మెట్లు ఎక్కొద్దంటే వినరు. మంచి ఉసిరికాయలు దొరికితే పచ్చడి పెట్టాను. బాబాయి శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు వస్తున్నాడు, ఆయన చేతికి సీసా ఇస్తాను.

నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులైంది. పని ఎక్కువైందేమో అనుకున్నాను. మొన్న పద్మత్త వచ్చి, "వదినా, చిన్ని వీడియో చూశావా?" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. ఎవరో ఆఫీసరు బల్ల మీద చరిచి అరుస్తున్నావు. చుట్టూ చీర మీద కోటు వేసుకున్న, వీధులూడ్చే ఆడవాళ్ళు. ఇట్లా అయితే పెళ్ళి ఎట్లా అని అత్త మొదలుపెట్టింది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నువ్వన్న కన్నడం మాటలు నాకు అర్థం కాలేదు. నీ గొంతు బొంగురుపోయిన సంగతి మాత్రం తెలిసింది. కళ్ళ కింద ఆ నలుపేమిటి? రాత్రిళ్ళు నిద్రపోతున్నావా?

సరే, అది వదిలెయ్. మన వీధి ఊడ్చిన పాత ఆవిడ బజారులో కనబడి నిన్ను అడిగింది. 2025 ఆగస్టులో ఐదు, ఆరు జోన్లలో చెత్త పని ప్రైవేటుకి ఇవ్వొద్దని కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు 13 రోజులు కూర్చున్నవాళ్ళలో ఆవిడా ఉంది. మన పెరంబూరు ఆరో జోనే కదా. హైకోర్టు ఆదేశం వచ్చిన రాత్రే, 13వ తేదీ అర్ధరాత్రి, పోలీసులు వాళ్ళని అక్కణ్ణించి లేపేశారు. ఆ రోజుల్లో కిందింటివాళ్ళు "వీళ్ళకి ఇంత కోపం దేనికి?" అన్నారు. నేను ఊరుకోలేకపోయాను. మూడు రోజుల చెత్తకే మన వీధికి ఇంత కోపం వచ్చిందే, ముప్పై ఏళ్ళుగా దాన్ని ఎత్తినవాళ్ళకి రాకూడదా అని అడిగాను. కాబట్టి నీకు కోపం వచ్చిందని నేను ఈ ఉత్తరం రాయడం లేదు.

నేను పనిచేసిన మొదటి స్కూలు సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. తెలుగు మీడియం. పిల్లల్లో సగం మంది చెత్త ఎత్తేవాళ్ళ పిల్లలే. ఆంధ్రా వైపు నించి తాతలనాడు వచ్చిన కుటుంబాలు, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. పొద్దున ప్రార్థన కాగానే హెడ్మాస్టరు ఇద్దరు ఆడపిల్లల్ని మరుగుదొడ్లు కడగడానికి పంపేవారు. ఎప్పుడూ ఆ వీధి పిల్లల్నే. నా నాలుగో తరగతిలో ఒక పిల్ల తడిసిన పావడాతో వచ్చి వెనక వరసలో కూర్చునేది. ముందు వరసలో పిల్లలు జరిగి కూర్చునేవాళ్ళు. నేను చూశాను. ఏడాది పొడుగునా చూశాను. కొత్త ఉద్యోగం, నువ్వు కడుపులో ఉన్నావు, మనకెందుకులే అనుకున్నాను.

ఒకరోజు ఆ పిల్ల అమ్మ పనిలోంచి నేరుగా వచ్చింది. చేతిలో చీపురు కూడా అట్లాగే ఉంది. హెడ్మాస్టరు గది ముందు నిలబడి, "నేను ఎత్తుతున్నది చాలదా, నా బిడ్డ కూడా ఎత్తాలా?" అని అరిచింది. క్లాసులన్నీ ఆగిపోయాయి. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని, "మెల్లగా మాట్లాడమ్మా, పిల్లలు చూస్తున్నారు" అన్నాను. ఆమె నా వైపు తిరిగింది. "మెల్లగా మూడుసార్లు చెప్పాను టీచరమ్మా. రెండుసార్లు నీకే చెప్పాను" అంది.

నిజం. గేటు దగ్గర రెండుసార్లు చెప్పింది. నేను చూద్దాంలే అన్నాను.

మర్నాటి నించి పిల్లల్ని పంపడం ఆగింది. ఏడాది మెత్తని మాటలకి జరగనిది ఒక్క కేకకి జరిగింది. కానీ వారం తిరక్కుండా ఆమెని వేరే పేటకి మార్చేశారు. ఎవరు ఎవరికి చెప్పారో. అర్జీ రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. అప్పుడు కూడా సోమవారం రమ్మన్నాను. సోమవారం పిల్ల టీసీ కోసం వచ్చింది. ఆ పుస్తకంలో క్లాసు టీచరు సంతకం నాదే.

ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను చిన్నీ. ఆమె అరవడంలో తప్పు లేదు. ఆమెని ఒంటరిగా అరవనిచ్చాం, అదీ తప్పు. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా వద్దని లేచినప్పుడు రోశమ్మ ఒక్కతే లేవలేదు, ఊరి ఆడవాళ్ళంతా లేచారు. అందుకే అది జిల్లా దాటింది. 1993 అక్టోబరు ఒకటికి రాష్ట్రంలో సారా ఆగింది.

నువ్వు బల్ల చరిస్తే నీకేమవుతుంది? మహా అయితే కేసు. మీ నాన్న మోకాలి నొప్పితోనే రైలెక్కుతారు, నీ స్నేహితుల్లో పదిమంది లాయర్లున్నారు. మర్నాడు తెల్లారి హాజరు వేయించుకోడానికి మేస్త్రీ ముందు నిలబడేది ఆ ఆడవాళ్ళు. వీడియోలో నీ ఎడమ పక్కన ముక్కుపుడక పెట్టుకున్న పొట్టి ఆవిడ ఉంది చూడు, మొదట్నించీ చివరిదాకా తలుపు వైపే చూస్తోంది. నేను నాలుగుసార్లు చూశాను. బల్ల చరిచే ముందు ఆమెని అడిగావా? అడిగే ఉంటావు. ఫోన్ చేస్తే గదా నాకు తెలిసేది.

లా చదివినదానివి, నీకు నేను చెప్పేదేముంది. 1927 డిసెంబరులో, అంటరానివాళ్ళని నీళ్ళు ముట్టుకోనివ్వని మహద్ చెరువు దగ్గరికి వెళ్తామని వేలమంది వచ్చారు. వెళ్ళొద్దని కోర్టు ఇంజంక్షన్ ఉందని అంబేడ్కర్ వాళ్ళని ఆపారు. మార్చిలో ఆ నీళ్ళు తాగినందుకు దెబ్బలు తిన్నవాళ్ళు వాళ్ళు. కోపం ఏం తగ్గలేదు, ఆ 25నే మనుస్మృతిని తగలబెట్టారు. బొంబాయి హైకోర్టులో గెలిచింది 1937లో. మీ ఊళ్ళోనూ అంతే కదా. 2022 జులైలో పౌరకార్మికులు, అదే మీ ఊళ్ళో వీధులూడ్చేవాళ్ళు, ఫ్రీడమ్ పార్కులో కూర్చుంటే, 12,692 మందికి పర్మనెంటు ఉత్తర్వులు వచ్చింది 2025 మే డే నాడు. ఆ ఫోటో నువ్వే పంపావు. ఆటో టిప్పర్ల డ్రైవర్లు, లోడర్లు ఇంకా కాంట్రాక్టులోనే ఉన్నారనీ, ఇప్పుడు వాళ్ళ కోసం తిరుగుతున్నాననీ అన్నావు. అది ఎన్నేళ్ళు పడుతుందో. అన్నేళ్ళకి గొంతు మిగుల్చుకోవాలి. మళ్ళీ పాఠం చెబుతున్నట్టున్నాను, ఆపేస్తాను.

మీ నానమ్మ ఉన్నన్నాళ్ళూ గేటు పక్క గూట్లో వీధి ఊడ్చే ఆవిడకి వేరే గ్లాసు ఉండేది. ఏడో క్లాసులో నువ్వు దాన్ని తీసి కాలవలో పారేశావు. నానమ్మ ఆ పూట అన్నం తినలేదు. నేను నిన్ను కొట్టాను. నీకు గుర్తుందో లేదో, నాకు బాగా గుర్తుంది. మర్నాడు మన స్టీలు గ్లాసులో టీ పోసి ఇస్తే ఆ ఊడ్చే ఆవిడ తాగలేదు, భయపడింది. నాలుగు రోజులు పట్టింది.

రాత్రి పాలల్లో మిరియాలు, పసుపు వేసుకుని తాగు. చల్లటి నీళ్ళు ముట్టుకోకు. గొంతు వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించు. నాన్న రోజూ ఏడింటికి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటున్నారు, అడిగితే వార్తల కోసం అంటారు. పదకొండైనా సరే, చెయ్యి.

ప్రేమతో,
అమ్మ

తా.క. పచ్చడి రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి ఆ ముక్కుపుడక ఆవిడకి ఇవ్వు. ఆమె పని ఉందో పోయిందో ముందు అది చెప్పు. తడి చెంచా మాత్రం పెట్టొద్దు.