కాగితం మీద కోడింగ్ పరీక్షలా?

సంపాదకుడికి,

ఎకనామిక్స్, సోషియాలజీ, బయాలజీ లాంటి పీజీ కోర్సుల్లోనూ ఇప్పుడు ప్రోగ్రామింగ్, డేటా అనలిటిక్స్ పేపర్ చేరుతోంది. మంచిదే. ఆ పేపర్ చెప్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి. పరీక్ష పెట్టే తీరు చూస్తేనే దిగులు. ఫర్ లూప్ (ఒకే పనిని పదేపదే చేయించే కోడ్) సింటాక్స్, అంటే దాన్ని రాసే నియమం, రాయండి, డేటా ఫ్రేమ్ (డేటా పట్టిక) అంటే ఏమిటో వివరించండి అని అడుగుతాం. పిల్లలు పెన్నుతో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసిస్తారు. ఇండెంటేషన్, అంటే వరస ముందు వదలాల్సిన ఖాళీ, సరిగా ఉందో లేదో నేను దాదాపు స్కేలు పెట్టి కొలుస్తాను.

మొన్న ల్యాబ్‌లో ఒక అమ్మాయి సర్వే ప్రాజెక్టు చూపించింది. కోడ్‌లో ఎర్రర్ ఒక్కటీ లేదు, గ్రాఫ్ చక్కగా వచ్చింది. సగటు వయసు మాత్రం 112 ఏళ్లు! ఇదేంటమ్మా అంటే "ప్రోగ్రామ్ రన్ అయింది కదా సార్" అంది. తీరా చూస్తే, వయసు చెప్పనివాళ్ల గడిలో 999 అని వేసి ఉంది. నూటికి ఎనిమిది గడులు అలా ఉంటే చాలు, 35 రావాల్సిన సగటు 112కు ఎక్కి కూర్చుంటుంది. ఆ అమ్మాయిని అనడానికేం లేదు. మేం క్లాసులో ఇచ్చే ఫైళ్లన్నీ ముందే కడిగి ఆరబెట్టినవి. ఇలాంటి గడి తనకెప్పుడూ ఎదురుకాలేదు.

అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థికి, అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని ఆ లెక్కలు మళ్లీ చేయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. అతను పట్టుకున్నది 2010లో ఇద్దరు ఎకనామిక్స్ ప్రొఫెసర్లు దేశాల అప్పుల మీద రాసిన పేపర్. లెక్క ఎంతకీ కుదరలేదు. వాళ్ల ఎక్సెల్ ఫైలే తెప్పించుకుని తెరిస్తే, సగటు ఫార్ములాలో ఐదు దేశాల వరసలు చేరనే లేదు! జీడీపీలో 90 శాతం దాటి అప్పున్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని పేపర్లో ఉంది. తనకు కనిపించిన మిగతా లోపాలూ సరిచేసి, ఇద్దరు అధ్యాపకులతో కలిసి 2013లో అతను చూపించిన లెక్క 2.2 శాతం. ప్రొఫెసర్లు మిగతావాటి మీద వాదించినా, ఫార్ములా పొరపాటును ఒప్పుకున్నారు. ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలన్న నాయకులు ఆధారంగా చూపిన పేపరది. కాగితం మీద సింటాక్స్ రాయించే మా పరీక్ష ఇలాంటి విద్యార్థిని ఎలా గుర్తుపడుతుంది?

పరీక్ష కంప్యూటర్ మీదే పెడదామంటే, కంప్యూటర్లు చాలవన్న మాట ఎప్పుడూ వింటాం. పైథాన్, ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలు రెండూ ఉచితం, ఈ స్థాయి లెక్కలకు పాత సిస్టమ్‌లైనా సరిపోతాయి. బ్యాచ్‌లుగా పెట్టుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది: కాగితమైతే దిద్దడం సులువు. ఇప్పుడు కోడ్‌ను ఏఐ కూడా రాసిపెడుతోంది కాబట్టి సింటాక్స్‌కు మార్కులు వేయడం మరీ అర్థంలేని పని.

వచ్చే సెమిస్టర్ నుంచైనా సగం మార్కులకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ముందెప్పుడూ చూడని, తప్పులున్న ఫైలు ఇవ్వండి. మూడు గంటల టైమ్ ఇచ్చి, ఏ గడిని ఎందుకు నమ్మలేదో రెండు పేజీల్లో రాయమనండి. దిద్దడానికి ఎక్కువ సమయం పడుతుంది, నిజమే. ఆ పని చేయడానికి నేను సిద్ధం.

– ఒక పీజీ అధ్యాపకుడు