మీ నాన్నగారి భోజనం గురించి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. నాన్నగారు బాగా నీరసించారనీ, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేవవలసి వస్తోందనీ చదివి మనసు కలత చెందింది. పెద్దవయసులో తిండి తగ్గితే తగ్గిందిలే అని నువ్వు సరిపెట్టుకోవడం మాత్రం నాకు నచ్చలేదు. వయసుతో ఆకలి తగ్గుతుందేమో గాని, మాంసకృత్తుల (ప్రోటీన్ల) అవసరం తగ్గదు, కొంత పెరుగుతుంది కూడా.

శరీరం కొవ్వును దాచుకున్నట్టు మాంసకృత్తులను నిల్వ చేసుకోలేదు. తిండిలోని మాంసకృత్తులు అరిగి వచ్చే అమైనో ఆమ్లాలు చాలనప్పుడు, గుండెకూ కాలేయానికీ రోగనిరోధక కణాలకూ కావలసిన వాటిని కండ కరిగించే తీసుకుంటుంది. పైగా వయసు మళ్ళిన కండ కొద్దిపాటి ప్రోటీన్‌కు వెంటనే స్పందించదు. అందుకే పెద్దలందరికీ కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు అని చెప్పే లెక్కను, వృద్ధుల విషయంలో 1 నుంచి 1.2 గ్రాముల వరకు పెంచమని చాలామంది నిపుణులు అంటారు. ఆయన బరువు 60 కిలోలనుకుంటే, 60 నుంచి 72 గ్రాములన్నమాట.

ఇక ఆయన ఉదయం తీసుకునేది చూడు: కాఫీ, రెండు బిస్కెట్లు. వాటిలో మహా అయితే నాలుగైదు గ్రాములు ఉంటాయి. ఒక గుడ్డులో సుమారు 6, పావు లీటరు పాలలో సుమారు 8 గ్రాములు ఉంటాయి కాబట్టి, ఆ ఒక్క పూట మార్చినా చాలా తేడా వస్తుంది. అంతా రాత్రి భోజనానికే వదిలేయకుండా మూడు పూటలా పంచడం మేలు. పళ్ళనొప్పి వల్ల గట్టివి మానేశారేమో కూడా అడుగు; పెద్దవాళ్ళు ఆ సంగతి తమంతట తాము చెప్పరు.

గుడ్డూ మాంసమూ ముట్టకపోయినా దిగులు పడకు. శరీరం స్వయంగా తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలు 9 ఉన్నాయి. వాటిలో ఒకటైన లైసిన్ ధాన్యాలలో తక్కువ, పప్పులలో సమృద్ధిగా ఉంటుంది; పప్పులలో కొరవడే మరొకటి, మెథియోనిన్‌ను, ధాన్యాలు పూరిస్తాయి. రెండూ ఒకే ముద్దలో కలవనక్కరలేదు, ఒకే రోజులో అందితే చాలు. తినగలిగినంత కాలం డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడుల జోలికి పోనక్కరలేదని నా అభిప్రాయం.

అయితే ఇవన్నీ మొదలుపెట్టే ముందు మూత్రపిండాల పరీక్ష తప్పక చేయించు. అవి దెబ్బతిని ఉంటే ప్రోటీన్ ఎంత తినాలో వైద్యుడే నిర్ణయించాలి. అన్నీ బాగుంటే, తిండితో పాటు రోజూ కాసేపు కుర్చీలోంచి లేచి కూర్చోవడం సాధన చేయించు, ఎందుకంటే పని చెప్పని కండ ఎంత తిన్నా బలపడదు. పరీక్ష ఫలితం రాగానే నాకు రాయి, మూడు పూటలకూ ఏమేం పెట్టాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

నీ మిత్రుడు