గండిపేట కింద వలలో పడ్డవి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? మొన్న ఆదివారం హైదరాబాద్ పక్కన గండిపేట చెరువు గేట్లు తెరిచారంటే పొద్దున్నే బండేసుకుని వెళ్లాను. కట్ట కింద మూసీలో పది మంది దాకా విసురు వలలతో ఉన్నారు. ఒకాయన వల తెచ్చి ఒడ్డున దులిపితే పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. ఇరవై దాకా జిలేబీ చేపలు (తిలాపియా), అన్నీ అరచేతంత, వీపు మీద ముళ్లు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వాటి కింద నల్లగా, పొడుగు మీసాలతో రెండు ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌లు. అంతే. పక్కనున్న కుర్రాడు "మూసీ చచ్చిపోయిందంటారు గానీ అన్నా, ఎన్ని చేపలో చూడండి" అన్నాడు. ఆ మాట నన్ను వదలట్లేదు.

మన వాగులో మీ నాయన వల దులిపితే ఏం పడేవో గుర్తుందా? పరకలు, జెల్లలు, చందమామలు, బొమ్మిడాయిలు, అదృష్టం బాగుంటే ఓ వాలుగ. అన్నీ కలిపి కిలో కూడా ఉండేవి కాదు, కానీ ఎన్ని రకాలురా! ఇక్కడ తట్ట నిండినా రెండే రకాలు, ఆ రెండూ మన దేశానివి కావు. ఆ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని 2000లోనే నిషేధించారు, అయినా ఇదిగో నదిలో ఉంది.

మురుగు కలిస్తే దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ వాడేసుకుంటాయి. రాత్రి నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున మరీ తగ్గిపోతుంది, చెరువుల్లో చచ్చిన చేపలు పొద్దున్నే తేలి కనిపించేది అందుకే. క్యాట్‌ఫిష్ పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది. జిలేబీ గుడ్లను తల్లి నోట్లోనే పొదుగుతుంది, ఏడాదిలో చాలాసార్లు పెడుతుంది. ఇసుకలో దూరి బతికే బొమ్మిడాయికి ఆ ఇసుకే లేకుండా తోడేస్తే ఎక్కడికి పోతుంది చెప్పు?

మన కొర్రమీను కూడా గాలి పీల్చేదే, రాంనగర్ మార్కెట్లో తొట్టిలో అది మాటిమాటికీ పైకి రావడం చూసే ఉంటావు. కానీ దానికి ఊపిరొక్కటే చాలదు, పిల్లల్ని పెట్టడానికి గడ్డి ఉన్న, నీళ్లు కదలని ఒడ్డు కావాలి. చెరువు అంచున ఎర్రగా కుంకుమ చల్లినట్టు దాని పిల్లల గుంపు తేలుతుంటే, కిందే పెద్ద చేప కాపలా కాస్తుండేది, రాళ్లేయొద్దని మా అవ్వ కోప్పడేది. ఆ ఎర్రటి గుంపును నేను చూసి ఎన్నేళ్లయిందో! తెలంగాణ రాష్ట్ర చేప అదే మరి.

ఇంకోటిరా. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడటానికి 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. కట్టకపోతే ఊరికి కష్టమే, కాదనను. కానీ అప్పట్నుంచి గేట్లు తెరిచినప్పుడే కిందికి మంచి నీళ్లు, ఇప్పుడైతే మిగతా ఏడాది ఊళ్లో మూసీలో పారేది ఎక్కువగా మురుగే. తొలకరి వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టే చేపకి కట్ట దాటే దారి లేదు. మృగశిర కార్తె రోజు మనం పోటీపడి తినేదీ ఆ కాలంలోనే, గుడ్లతో ఉన్న చేపల్నే. ఈసారి నేను చెరువులో పెంచినవే కొన్నాను. చిన్న విషయమే, కానీ మనసు ఒప్పలేదు.

ఆ కుర్రాడికి అక్కడే కూర్చుని ఇదంతా చెప్పాను. "మరి అప్పుడు ఏమేం ఉండేవన్నా?" అని అడిగితే ఏడెనిమిది పేర్లు చెప్పి ఆగిపోయాను, మిగతావి గుర్తు రాలేదురా. మీ నాయనని దగ్గర కూర్చోబెట్టుకుని మన వాగు చేపల పేర్లన్నీ రాయించు. ఏది ఏ కార్తెలో పడేదో, ఏది రాళ్ల దగ్గర దొరికేదో, ఏది మడుగులో ఉండేదో, అన్నీ అడుగు. పండక్కి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా.

నీ
రాజు